గొట్టం మైకు కింద విన్న అరవైల పాట
(ఘంటసాల వర్ధంతి సందర్భంగా దాచేపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)



ఘంటసాల వర్ధంతి నాడు మాట్లాడమంటే ఆయన జీవితం చెప్పి, మధ్యలో నాలుగు పాటలు పాడించి కూర్చోవడం మనకు రివాజు. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన సంగతీ, విజయనగరంలో మాధుకరం ఎత్తుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్న సంగతీ, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళిన సంగతీ, 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన సంగతీ మీకు నాకంటే బాగా తెలుసు. అందుకని ఇవాళ పాడినవాళ్ళ గురించి తక్కువగా, విన్నవాళ్ళ గురించి ఎక్కువగా మాట్లాడతాను. విన్నవాళ్ళంటే ఇక్కడ ముందు వరసలో కూర్చున్న తెల్లజుట్టు వాళ్ళందరూ. విన్నవాళ్ళకు స్మారకసభలు ఎవరూ పెట్టరు గనక ఈ అవకాశం వాడుకుంటున్నాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. అరవైల్లో ఒక పాట హిట్టయిందో లేదో మద్రాసులో తేలేది కాదు. అమ్ముడుపోయిన రికార్డుల లెక్కలోనూ తేలేది కాదు. ఆ రోజుల్లో గ్రామఫోను పెట్టె ఉన్న ఇళ్ళు మన ఊళ్ళో ఎన్ని? రికార్డు ఆగిపోయిన మర్నాడు మిరపకాయ కోతకు వెళ్ళిన ఆడవాళ్ళ నోట, జొన్న బస్తాలు వేసుకుని పొద్దు పొడవకముందే బండి కట్టుకు పోయేవాడి నోట ఆ పాట ఉందా లేదా అన్నదే తీర్పు. పెట్టె సాయం లేకుండా బతికిన పాటే పాట. మిగతావన్నీ సినిమాతోపాటే డేరా ఎత్తేశాయి.

ఆ పాట మన దాకా ఎట్లా వచ్చేదో చెప్పాలి. విజయవాడ పంపిణీదారుల దగ్గర నుంచి రీళ్ళు రేకు పెట్టెల్లో బయల్దేరి, పెద్ద ఊళ్ళన్నీ తిరిగి, గుంటూరు మాచర్ల మీటరు గేజి బండెక్కి పక్కనున్న నడికుడిలో దిగేసరికి నెలలు గడిచేవి. 1962 జూన్ 7న విడుదలైన గుండమ్మ కథ మనకు కొత్త సినిమాగా వచ్చేనాటికి బెజవాడ వాళ్ళకు అది పాతబడిన సినిమా. కానీ పాట అంతకాలం ఆగేది కాదు. పెళ్ళికో, శ్రీరామనవమి పందిరికో తెచ్చిన మైకుసెట్టుతో ముందే వచ్చేసేది. బొమ్మ చూడకముందే పాట కంఠతా వచ్చి ఉండేది. డేరా హాల్లో నేల టిక్కెట్టు మీద కూర్చున్న వాడికి తెర మీది దృశ్యం కొత్త, పాట పాత. అందుకే ఆ కాలపు ప్రేక్షకుడు పాట రాగానే లేచి బయటికి పోయేవాడు కాదు. తాను ఊహించుకున్నదానికీ అక్కడ ఆడుతున్నదానికీ పొంతన కుదిరిందా అని చూసుకునేవాడు. చాలాసార్లు కుదిరేది కాదు. ఊహే బాగుండేది.

మైకుసెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. లక్క కలిపి చేసిన నల్లటి రికార్డు. నిమిషానికి 78 చుట్లు. పది అంగుళాల రికార్డయితే ఒక పక్కకు మూడు నిమిషాల పైచిలుకు పాట పట్టేది, అంతే. పాట అంతకంటే పొడవైతే రెండో పక్కకు తిప్పాలి, తిప్పే లోపల వినేవాడు ఊపిరి బిగబట్టాలి. సంగీత దర్శకుడికి ఎంత గొప్ప ఊహ వచ్చినా ఆ మూడు నిమిషాల్లోనే సర్దుకోవాలి. పల్లవి వెంటనే అందుకోవాలి, రెండు మూడు చరణాల్లో చెప్పాల్సింది చెప్పేయాలి. ఇవాళ మనం ఆ పాటల పొందికను మెచ్చుకుంటున్నామంటే అందులో ఆ లక్క పళ్ళేనికి కొంత వాటా ఇవ్వాల్సిందే. ముల్లు అరిగితే మార్చాలి. మార్చని పిసినారి మైకువాడి చేతిలో పడితే సుశీల గొంతు కూడా జలుబు చేసినట్టు పలికేది. ఆ మైకువాడి చుట్టూ ఎప్పుడూ పదిమంది కుర్రాళ్ళు. వాళ్ళలో ఒకడికి రికార్డు తుడిచే పని దొరికితే వాడికి ఆ పూట అన్నం అక్కర్లేదు.

మైకుసెట్టు గొట్టాన్ని వేపచెట్టుకో, మేడ మీద వెదురుబొంగుకో కట్టేవాళ్ళు. పాటను కోరుకునే హక్కు డబ్బు పెట్టిన పెళ్ళివారిది. వినే హక్కు మాత్రం ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు, ఎవరూ ఆపనూలేదు. బావి వేరు, గుడి వేరు, కూర్చునే అరుగు వేరు అన్న ఊళ్ళో ఘంటసాల గొంతు ఒక్కటే పెద్ద వీధికీ చివరి వాడకూ ఒకేసారి అందేది. మన పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడు కథలో అందరూ ఒక చాప మీద కూర్చుని తిన్నారంటారే, చెవుల వరకు అది అరవైల్లో గొట్టం మైకు కింద జరిగింది. చెవుల వరకేనని మళ్ళీ చెబుతున్నాను. పాట వాడదాకా వెళ్ళినంత మాత్రాన పందిట్లో కుర్చీ వెళ్ళలేదు. ఆ కాలాన్ని తలుచుకుని కళ్ళు తుడుచుకునే వాళ్ళు ఈ సంగతి కూడా తలుచుకోవాలి.

పల్నాడు చెవికి ఇంకో లక్షణం ఉంది. ఇక్కడ పాటకంటే ముందు పద్యం, పద్యంకంటే ముందు వీరగాథ. కారంపూడిలో కార్తీక అమావాస్యకు జరిగే వీరుల ఉత్సవాల్లో కథ చెప్పేవాళ్ళ గొంతు వినీ, రాత్రంతా సాగే హరిశ్చంద్ర నాటకాల్లో జాషువా గారి శ్మశాన పద్యాలకు వన్స్‌మోర్ కొట్టీ పెరిగిన చెవులివి. జాషువా గారిది మన వినుకొండేనని వేరే చెప్పక్కర్లేదు. అటువంటి చెవికి మూడు నిమిషాల సినిమా పాట మొదట్లో ఆనలేదు. నాటకంలో పద్యం ఎత్తుకుంటే చివరి అక్షరం మీద రాగం ఎంతసేపు తీస్తే అంత మొనగాడు. ఘంటసాల వచ్చి ఆ రాగాన్ని కురచ చేశాడు. మాట విరగకుండా, అర్థం చెడకుండా పద్యం చదివినట్టూ పాడినట్టూ ఉండే తీరు తెచ్చాడు. నాటకాల పెద్దలు కొందరు పెదవి విరిచారు. కానీ నర్తనశాల, పాండవ వనవాసం వచ్చాక మన ఊళ్ళ నటులే స్టేజీ మీద ఆయన తీరులో పాడడం మొదలుపెట్టారు. కరుణశ్రీ గారి పుష్పవిలాపం ఆయన గొంతులో రికార్డుగా వచ్చాక, గుంటూరు జిల్లా కవి రాసిన పద్యాలు చదువురాని వాళ్ళకు కూడా నోటికి వచ్చేశాయి. పద్యాన్ని సినిమా చంపిందని అంటుంటారు. నా ఉద్దేశంలో సినిమా దాన్ని ఇంకో పాతికేళ్ళు బతికించింది.

1966లో గుత్తా రామినీడు గారు పల్నాటి యుద్ధం తీశారు. రామారావు గారు బ్రహ్మనాయుడు, భానుమతి గారు నాగమ్మ, సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారు. మన కథే తెర మీదికొచ్చింది కదా, ఆ పాటలే మనకు ముఖ్యమై ఉండాలి. కాలేదు. మన వీరులను మనం పాడుకునే తీరు మనకు ఉంది, దాని పక్కన సినిమా నిలవలేదు.

నిలిచింది ఏమిటంటే, గోదావరి.

1964 జనవరి చివర మూగమనసులు విడుదలైంది. ఆదుర్తి సుబ్బారావు గారి సినిమా, కె.వి. మహదేవన్ సంగీతం. పడవ నడిపే గోపి, ఏటికి అవతల చదువుకునే రాధ, మధ్యలో అల్లరి గౌరి. పాటల్లో కొన్ని నీళ్ళ మీదే. ఆ ఏడు మన పరిస్థితి ఏమిటి? నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేసి ఎనిమిదేళ్ళు దాటింది, కాలవలో చుక్క నీరు లేదు. నాగులేరు వానలకు ఉరికి, ఎండలకు సన్నబడిపోయే వాగు. సున్నపురాయీ నాపరాయీ తేలిన నేల. జొన్న, సజ్జ, కంది. అటువంటి చోట ఆడవాళ్ళు గోదారి గట్టు మీది పాట పాడుకుంటూ కలుపు తీశారు. ఆ పాట రాసిన దాశరథి గారిది వరంగల్ వైపు, పాడిన సుశీల గారిది విజయనగరం, బాణీ కట్టిన మహదేవన్ గారికి తెలుగు అంతంతమాత్రం. వీళ్ళెవరికీ పల్నాటి మెట్ట తెలియదు. పాడుకున్న మా అత్తలూ అక్కలూ గోదావరిని కలలో కూడా చూడలేదు. లేనిదాన్ని పాడుకోవడంలో ఉన్న తీపి ఎటువంటిదో ఆ పాటల దగ్గరే నాకు అర్థమైంది. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు సాగరు కాలవలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు మన చేలదాకా పారడానికి ఇంకా కొంత కాలం పట్టింది. పాట మాత్రం ముందే పారింది.

ఆ పాటలు అంత సులువుగా నోటికెక్కడానికి ఒక కారణం మహదేవన్ పద్ధతి. ఆయన ముందు సాహిత్యం రాయించుకుని, ఆ మాటల నడక చూసి బాణీ కట్టేవాడు. తెలుగు అంతగా రాని మనిషి తెలుగు మాటకు అంత విలువ ఇచ్చాడు. మాట నడిచినట్టే పాట నడిస్తే, సంగీతం రానివాడు కూడా దాని వెంట నడవగలడు. జగదేకవీరుని కథలో పెండ్యాల గారు దర్బారీ కానడలో కట్టి, ఘంటసాల చేత పాడించిన పాటను తీసుకోండి. తెర మీద రామారావు గారు ఒక్కరే ఐదుగురై వాయిస్తుంటే రాయి కరిగిన ఆ పాట కంటే గొప్పది ఆ దశాబ్దంలో లేదని సంగీతం తెలిసినవాళ్ళు అంటారు, నేనూ కాదనను. కానీ దాన్ని మనం విన్నాం, పాడుకోలేదు. దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాం. మూగమనసులు పాటలను చంకనేసుకుని చేలోకి పోయాం. రెండూ గొప్పవే. దాచేపల్లి తీర్పు మాత్రం రెండోదానికే.

పాటల పుస్తకాల గురించి ఒక మాట. పల్చటి కాగితం, పైన హీరోహీరోయిన్ల మసకబొమ్మ, లోపల సగం కథ చెప్పి మిగతాది వెండితెర మీద చూడమనే వాక్యం. కొన్ని పైసలు. బడి పుస్తకం చినిగినా అది చినిగేది కాదు. డాక్టర్ చక్రవర్తి పుస్తకంలో ఒక పాట కింద శ్రీశ్రీ అన్న పేరు చూసి మా మాస్టారొకరు ఆశ్చర్యపోయారు. మహాప్రస్థానం రాసిన చెయ్యి ఇంత మెత్తగా రాస్తుందా అని. రాస్తుంది. ఆ సినిమాకే 1964లో తొలి నంది వచ్చింది.

ఇంకోవైపు కొసరాజు. అప్పికట్ల నుంచి వెళ్ళిన రైతు కవి. కులగోత్రాలు సినిమాలో పేకాటరాయుళ్ళ మీద ఆయన రాసిన పాట మాధవపెద్ది, పిఠాపురం పాడుతుంటే, చావిట్లో ఆట వేసుకుని కూర్చున్నవాళ్ళే ముక్కలు కింద పెట్టకుండా దాన్ని పాడుకునేవాళ్ళు. పాట మనుషులను మారుస్తుందని నమ్మేవాళ్ళకు ఈ సంగతి మనవి చేస్తున్నాను.

రేడియో కథ క్లుప్తంగా. 1952 నుంచి పదేళ్ళు సమాచార శాఖ చూసిన కేస్కర్ గారికి సినిమా పాట గిట్టేది కాదు. ఆకాశవాణి తలుపు వేస్తే శ్రోతలు రేడియో సిలోను వైపు తిప్పారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టింది కూడా ఆ పోటీ వల్లనే. సిలోనులో మీనాక్షి పొన్నుదురై గారి ప్రకటన వినడానికి మధ్యాహ్నం పూట రేడియో ఉన్న అంగడి ముందు మూగిన జనం ఇంకా నా కళ్ళకు కనిపిస్తారు. పోస్టాఫీసులో లైసెన్సు కట్టింది అంగడివాడు, విన్నది బజారంతా.

ఇప్పుడు చేదు సంగతి. అరవైల పాటలన్నీ బంగారమని మనం అంటున్నాం గానీ, అప్పుడు వచ్చిన పాటల్లో ఎక్కువ భాగం మనకు గుర్తే లేదు. హిందీ బాణీలకు ఉన్నపళంగా తెలుగు మాటలు తొడిగినవి, హాస్యం పేరుతో మనిషి రూపాన్నీ యాసనూ ఎగతాళి చేసినవి, ఎంత బాధ పెట్టినా మొగుడి కాళ్ళ దగ్గరే ఉండమని ఆడదానికి బుద్ధి చెప్పినవి ఎన్నో. కాలం వాటిని చెరిగి పారేసింది. చేటలో మిగిలినవాటిని చూపించి, ఇవాళ్టి గింజా పొల్లూ కలిసిన రాశితో పోల్చి, మనవళ్ళను తిట్టడం న్యాయం కాదు. 1967లో శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న విడుదలైనప్పుడు అందులో పాడిన కొత్త కుర్రాడి గొంతు పల్చనగా ఉందని ఇక్కడ నవ్వినవాళ్ళు ఉన్నారు. ఆ కుర్రాడి పేరు బాలసుబ్రహ్మణ్యం. 1969లో భలే తమ్ముడు కోసం రామారావు గారికి మహమ్మద్ రఫీ పాడితే ఉచ్చారణ మీద పంచాయితీ పెట్టినవాళ్ళే, మన ఊరి ముస్లిం మిత్రులు రఫీ హిందీ పాటలు పెడితే కదలకుండా కూర్చుని విన్నారు. ఇష్టానికి లాజిక్కు ఉండదు.

చివరగా ఒక బాకీ. డేరా హాళ్ళకు తమిళం నుంచి డబ్బింగు చేసిన సినిమాలు తరచుగా వచ్చేవి. వాటి పాటలకు విలువ లేదని పండితుల అభిప్రాయం. పరాయి పెదవుల కదలికకు తెలుగు మాట అతకాలి, తాళం తప్పకూడదు, అర్థం ఉండాలి. ఇంతకంటే గడ్డు పని పాటల రచనలో నాకు కనపడదు. ఆ పని విస్తారంగా చేసిన కవుల్లో ఒకరు అనిసెట్టి సుబ్బారావు గారు, నరసరావుపేట మనిషి. మన పక్క ఊరివాడి మాటలను మద్రాసు మీదుగా వచ్చిన పరాయి పాటలనుకుని పాడుకున్నాం. సముద్రాల, కొసరాజు, జానకి మావాళ్ళని గుంటూరు జిల్లా చెప్పుకున్నట్టు అనిసెట్టిని పల్నాడు చెప్పుకోలేదు. వచ్చే ఏడు ఈ వేదిక మీద ఆయన పాటల మీద ఎవరైనా సాధికారంగా మాట్లాడే ఏర్పాటు చేయమని నిర్వాహకులను అడిగాను. ఒప్పుకున్నారు. ఆ కాలపు డబ్బింగు పాటల పుస్తకాలు మీ ఇళ్ళలో అటకల మీద ఉంటే పారేయకుండా ఇక్కడి మిత్రులకు అందజేయండి, ఆ మాట్లాడబోయేవారికి పనికొస్తాయి.