గాలి మీద నిలిచే బండి
(సంఘం మాస సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శిగారు నన్ను పట్టుకుని, "మీ పాత బెంజి కారు గొడవ సభలో చెప్పండి. మనవాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలు వదిలి వెళ్ళిన కార్లు చాలా ఉన్నాయి" అన్నారు. డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసిన వేదిక మీద బెంజి కారు మాట ఎత్తడమా అని మొదట సంకోచించాను. నేను ట్రెజరీలో గుమాస్తాగా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన వాణ్ణి. నాకు బెంజి కొనే తాహతు లేదు. అది మా అబ్బాయిది. 2004 మోడల్ ఎస్ క్లాస్, ఎ.పి. 10 నెంబరు బండి. కొత్తలో లక్షలకు లక్షలు పలికిన కారును వాడు సెకండ్ హ్యాండులో ఒక చిన్న మారుతి ధరకు కొన్నాడు. 2018లో ఉద్యోగానికి డాలస్ వెళుతూ తాళాలు నా చేతిలో పెట్టాడు. ఏనుగును కొనడం తేలికే, మేపడమే కష్టమని అప్పటికి నాకు తెలియదు.

ఆ కారు మాకు దర్జా కోసం కాదు. 2021లో మా ఆవిడకు వెన్నెముక ఆపరేషన్ అయింది. వారానికి రెండుసార్లు అల్వాల్ నుంచి ప్యారడైజ్ దగ్గర ఫిజియోథెరపీకి తీసుకువెళ్ళాలి. లోతుకుంట, తిరుమలగిరి, కార్ఖానా మీదుగా ఆ దారిలో ఎన్ని గుంటలున్నాయో, ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ కారులో కూర్చుంటే ఆమెకు కుదుపు తెలిసేది కాదు. కారణం, దీనికి ఇనుప స్ప్రింగులు లేవు. నాలుగు చక్రాల మీదా నాలుగు రబ్బరు గాలి సంచులు, వాటిని మెకానిక్కులు బెలూన్లు అంటారు, అవి బండిని మోస్తాయి.

2022 వానాకాలంలో ఒకరోజు పొద్దున చూస్తే కారు ముందు భాగం ఎడమ వైపుకు ఒరిగి, నేలకు ఆనినట్టు కూలబడి ఉంది. స్టార్టు చేస్తే బంపరు వెనక నుంచి బుర్రుమని చప్పుడు, కొంతసేపటికి లేచింది. వారం తరువాత లేవలేదు. కారు మరీ క్రిందికి ఉన్నది, ఆపుమని ఇంగ్లీషులో ఎర్ర అక్షరాలు పడ్డాయి. నగరంలోని ఒక పెద్ద వర్కుషాపుకు టోయింగు చేయించాను. పేరు చెప్పను. కంప్రెసర్ పోయిందన్నారు. కొత్తది వేసి, కూలితో కలిపి 72 వేలు తీసుకున్నారు. వారంటీ ఆరు నెలలు. ఏడో నెలలో, 2023 మార్చిలో, కారు మళ్ళీ కూలబడింది!

ఆ రోజు ఫిజియోథెరపీ ఉంది. ఆవిడ చీర మార్చుకుని, బెల్టు కట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. చేసేది లేక ఆటోలో వెళ్ళాం. కార్ఖానా దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏమండీ, ఇంక రాలేను, ఇంటికి పోదాం" అంది. కళ్ళ వెంట నీళ్ళు. వెనక్కు తిరిగాం. ఆ సాయంత్రం మా అబ్బాయి ఫోనులో "నాన్నా, అమ్మేయండి" అన్నాడు. కూలబడిన బండికి పాత ఇనుము ధర తప్ప ఇంకేం వస్తుంది? అయినా నాకు కోపం వచ్చింది కారు మీద కాదు, నా మీద. ముప్పై ఆరేళ్ళు బిల్లుల మీద అభ్యంతరాలు రాసినవాణ్ణి, 72 వేల బిల్లును ఒక్క ప్రశ్న అడగకుండా పాస్ చేశాను.

మా వీధిలో ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన మిత్రుడున్నాడు. గరుడ ఓల్వో బస్సుల మీద పనిచేసినవాడు. ఆ బస్సుల కింద ఉండేవీ గాలి బెలూన్లే. ఆయన అంతా విని, "బిందె కారుతుంటే మీరు కొళాయి మార్పించారు" అన్నారు. ఆయనే బోయినపల్లిలో ఒక ఉస్తాద్ దగ్గరికి పంపారు. ఉస్తాద్ ఇంటికే వచ్చి, గంటసేపు చల్లారిన బండిని స్టార్టు చేయించాడు. కంప్రెసర్ పనిచేసింది! నెమ్మదిగానే అయినా కారును లేపింది. "పంపు సావలే సార్. వేడెక్కితె అదే బంద్ అయితది, గట్ల పెట్టిన్రు. గాలి పోతుంటె అదేం చేస్తది? దాన్ని మనమే సంపుతున్నం" అన్నాడు.

ఆయన నాకొక పని ఒప్పగించాడు. నాలుగు రోజులు, సమతలంగా ఉన్న చోట బండి నిలిపి, ప్రతి చక్రం మధ్య బొడ్డు నుంచి పైన మడ్గార్డు అంచు దాకా టేపుతో కొలిచి, రాత్రి ఒకసారి, తెల్లవారి ఒకసారి రాయమన్నాడు. ఇది నాకు చేతనైన పని. పాత లెడ్జరు పుస్తకంలో గళ్ళు గీసి రాశాను. మూడు చక్రాలు కదలలేదు. ముందు ఎడమది రాత్రి 37 సెంటీమీటర్లు, తెల్లవారేసరికి 29. నాలుగు రోజులూ అంతే. ఆ లెక్క చూసి ఉస్తాద్ నవ్వి, సబ్బు నీళ్ళు కలిపి ఆ బెలూన్ మడతల మీద పోశాడు. రబ్బరు మడతలో సన్నని చీలిక దగ్గర నురగ పొంగింది. పైపు జాయింట్ల దగ్గర ఏమీ లేదు. చూడటానికి అయిదు నిమిషాలు పట్టింది.

ఆయన చెప్పిన యంత్రశాస్త్రం నా మాటల్లో చెబుతాను, తప్పులుంటే ఇక్కడున్న ఇంజినీర్లు మన్నించాలి. కంప్రెసర్ అంటే చిన్న మోటారు, ఒక పిస్టన్. అది బయటి గాలిని పీల్చి, తేమను లాగే సిలికా జెల్ గింజల డబ్బా గుండా పంపి, వాల్వుల ద్వారా నాలుగు బెలూన్లకూ అందిస్తుంది. కారు టైరులో మనం 30, 32 పౌండ్లు పెడతాం, ఈ బెలూన్లలో దానికి మూడు నాలుగు రెట్లుంటుంది. అది ఒకటి రెండు నిమిషాలు తిరిగి ఆగడానికి చేసిన యంత్రం, గంటలు తిరగడానికి కాదు. బెలూన్ కారుతుంటే ఊరికే తిరుగుతుంది, వేడెక్కుతుంది, పిస్టన్ రింగు అరిగిపోతుంది. మరొక సంగతి నాకు చాలా నచ్చింది. కారు కిందికి దిగేటప్పుడు వదిలే పొడిగాలి మళ్ళీ ఆ సిలికా జెల్ గుండానే బయటికి పోతూ, గింజల్లోని తేమను తీసుకుపోతుందట. చీలికలోంచి పోయే గాలి ఆ దారిన రాదు కదా! అందువల్ల గింజలు తడిసినవి తడిసినట్టే ఉంటాయి, ఆ తేమ లోపలికి చేరుతుంది. వానాకాలమంతా మా కారులో జరిగింది అదే. ఇక రిలే అనే చిన్న డబ్బీ ఒకటుంది. దాని కొనలు కాలి అతుక్కుపోతే ఇంజను ఆపినా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. కొత్త కంప్రెసర్ వేసేటప్పుడు ఆ కొద్ది రూపాయల రిలేను కూడా మార్చాలి. వర్కుషాపు వారు మార్చలేదు.

ఇనుప స్ప్రింగులు వేయించమని చాలామంది సలహా ఇచ్చారు. అది కొత్త సలహా కాదు. 1957లో అమెరికాలో క్యాడిలాక్ వారు ఎల్డొరాడో బ్రూమ్ కారుకు గాలి సస్పెన్షన్ పెడితే, గాలి కారే బాధ పడలేక చాలామంది యజమానులు స్ప్రింగులే వేయించుకున్నారు. డబ్బు మాట ఒక్కటే అయితే నేనూ అదే చేసేవాణ్ణి, ఎవరైనా చేస్తే తప్పనను. కాని నేను ఈ బండిని ఉంచుకున్నదే ఆ మెత్తదనం కోసం.

లెక్క చెబుతాను. కొత్త ఎడమ బెలూన్, లోపలి షాకప్‌తో కలిపి, 34,000. సిలిండరు గోడ మీద గీతలు పడలేదు కాబట్టి కంప్రెసర్ మార్చనక్కరలేదన్నాడు. పిస్టన్ రింగు, సీళ్ళు, కొత్త సిలికా జెల్ ఉన్న కిట్టు 2,800. రిలే 450. కూలి 6,000. మొత్తం 43,250 రూపాయలు. రాణీగంజ్‌లో రిలే కోసం నేనే తిరిగాను, మూడో దుకాణంలో దొరికింది. ముందు ఖర్చయిన 72 వేలు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఉత్తరం రాశాను, జవాబు రాలేదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. పని జరుగుతుండగా ఉస్తాద్ దగ్గరి కుర్రవాడు ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి దూరబోయాడు. ఉస్తాద్ వాడి కాలరు పట్టి బయటికి లాగాడు. గాలి ఒక్కసారి పోతే బండి నేలను కరుచుకుంటుంది. ఇనుప స్టాండ్లు పెట్టకుండా, పైపులో గాలి వదలకుండా ఎవరూ చెయ్యి పెట్టరాదు. మీరు తల వంచి కిందికి తొంగి చూడను కూడా చూడకండి.

కుడివైపు బెలూన్ కూడా అదే వయసుది. అది కూడా ఏదో ఒకనాడు పోతుందని ఉస్తాద్ అప్పుడే చెప్పాడు. కాబట్టి లెడ్జరు మానలేదు, ప్రతి ఆదివారం కొలుస్తూనే వచ్చాను. మా ఆవిడ "కారుకు జాతకం రాస్తున్నారా?" అని ఎగతాళి చేసేది. 2024 జూన్‌లో కుడి చక్రం లెక్క రెండు సెంటీమీటర్లు తగ్గింది. ఆ వారంలోనే అది మార్పించాము. కంప్రెసర్ మాత్రం 2023లో బాగుచేసినదే నడుస్తున్నది.

ఆవిడ ఇప్పుడు చేతికర్ర లేకుండా నడుస్తున్నది. ఈ రోజు సభకు కూడా ఆ బండిలోనే వచ్చాం, వెనక వరుసలో కూర్చుని ఉంది. కొలతల పుస్తకం కారులోనే ఉంది, చూడాలన్నవారు టీ సమయంలో రావచ్చు.