ఎండతో నడచు పడవ – ఆలిచిప్పల పెంపకము
(ప్రసంగ పాఠము)



ఆలిచిప్ప యనగనే మనకు గుల్లసున్నపు బట్టీ జ్ఞప్తికి వచ్చును. కాకినాడ అఖాతమున నివి సహజముగా పెరుగునవే. కేరళములోని అష్టముడి సరస్సులో మాత్రము 1990 దశకము నుండి గ్రామస్థులు, అందును విశేషించి మహిళా సంఘములవారు, మాంసము కొరకు వీనిని పెంచుచున్నారు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారికి పద్ధతి నేర్పినది.

లోతు తక్కువగా నున్న ఉప్పునీటిలో గుంజలు పాతి, అడ్డకఱ్ఱలు కట్టి, ఖాళీ చిప్పలు గ్రుచ్చిన త్రాళ్ళను వ్రేలాడదీయుదురు. నీటిలో తేలియాడు పిల్లలు ఆ చిప్పల నంటుకొని పెరుగును. మేత వేయ నక్కరలేదు. నీటిని వడగట్టి అందలి సూక్ష్మజీవులను అవియే తినును. ప్రమాదమును ఇందులోనే యున్నది. మురుగైనను, యంత్రపు నూనెయైనను, నీటిలో నున్నది చిప్పలో చేరును. నూనె వాసన పట్టిన సరకును కొనువా డుండడు.

సౌర విద్యుత్తు పడవ ప్రసక్తి అందువలననే వచ్చినది. అదే కేరళమున వైకము, తవణక్కడవు రేవుల నడుమ 2017 జనవరిలో 'ఆదిత్య' యను సౌర పడవ 75 మంది ప్రయాణికులను దాటించుట కారంభించినది. అది రేవు పడవ, పెంపకపు పడవ కాదు. అయినను ఎండతో పడవ నడచునా యను సందేహమును తీర్చినది.

పెంపకపు పని కిది మరింత అనువు. దూరము స్వల్పము, తొందర లేదు. పడవ వేగము రెట్టింపైన శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావలెను. కావున మెల్లగా పోవువానికే లాభము. 1 కిలోవాటు పలకలు మంచి యెండ కాచిన దినమున సుమారు 4 యూనిట్ల విద్యుత్తు నిచ్చును. చిన్న పడవ మెల్లగా మూడు గంటలు తిరుగుట కది చాలును.

ఋతువు కూడ కలిసివచ్చును. అష్టముడిలో నవంబరు, డిసెంబరు మాసములలో పిల్లలు అంటుకొనును. మంచినీటి వరద చిప్పలను చంపును గనుక వర్షములు ముమ్మరము కాకమునుపే కోత ముగించవలెను. పని హెచ్చుగా నుండునది ఎండ దినములలోనే యన్నమాట. మన గోదావరి మొగలలో వరదకు తోడు నవంబరు తుపానులు గలవు. కేరళపు లెక్క మనకు యథాతథముగా పనికిరాదు.

ఎండకు వెల లేదు గాని బ్యాటరీకి గలదు. కొన్ని యేండ్లకు దానిని మార్చవలసి వచ్చును. ప్రతి కోత నుండి అందుకై కొంత సొమ్ము విడిగా నుంచు సంఘమునకే పడవ నప్పగించుట మేలు. ఒక్కరి పేర అప్పు చేయించుట నాకు సమ్మతము కాదు.

ఇంకొక మాట మొగమాటము లేక చెప్పెదను. ఊరి మురుగుకాలువ మొగలోనికే పోవుచుండగా ఎట్టి పడవ కొన్నను ఫలము లేదు. ఆ కాలువ పంచాయతీదే. ముందుగా నీటిని పరీక్ష చేయింపుడు. కోసిన చిప్పలను శుభ్రమైన నీటిలో కొంతకాల ముంచిన పిదపనే అమ్మవలెను. ఆ తొట్టి యెచ్చట కట్టవలెనో, దానికి నీరెచ్చట నుండి తేవలెనో, పడవ మాట యెత్తుటకు ముందే గ్రామసభలో తేల్చుకొనుడు.