పదో తరగతి దాకా ఎవరు మిగులుతున్నారు?



మన పిల్లలంతా మదర్సాల్లోనే ఉంటారని చాలామంది అనుకుంటారు. నూటికి ముగ్గురే అని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. బడి మానేసినవాళ్లు, అసలు చేరనివాళ్లు మాత్రం నాలుగో వంతు!

2016లో మైనారిటీ గురుకులాలు వచ్చాయి. నాలుగింట మూడు సీట్లు మైనారిటీలకు, ఒకటి ఇతరులకు. అది మంచిదే, పక్క బెంచీలో శ్రీను ఉంటేనే మనవాడికి తెలుగు వస్తుంది. అక్కడ సీటు రానివాళ్లు మా చిన్న బడికొస్తారు.

మా దగ్గర అమ్మాయిలే ముందున్నారు. అబ్బాయిలకు తెలివి లేక కాదు. సాయంత్రమైతే పంజాగుట్ట మొబైల్ షాపుల్లో నిలబడతారు. పోయినేడు లెక్కల్లో ఫస్టొచ్చే కుర్రాడు ప్రీఫైనల్‌కు రాలేదు. ఇంటికి వెళ్తే వాళ్లమ్మ, "ఆపా, వాడి జీతంతోనే కిరాయి కడుతున్నాం" అంది. ఏం చెప్పను? కోచింగ్ కోసం ఎక్కడెక్కడి పిల్లలో అమీర్‌పేటకు వస్తారు. ఆ సెంటర్ కింద జిరాక్స్ తీసేది మావాడు.

సొసైటీ జూన్‌లో నోటుబుక్కులిస్తోంది, సంతోషం. మావాళ్లు మానేది డిసెంబరు, జనవరిల్లో. ఆ నాలుగు నెలల కిరాయికి జకాత్ నుంచి సాయం చేస్తే పరీక్ష రాస్తారు. ఈ ఏడు ఆరుగురున్నారు. పేర్లు రాసుకొచ్చాను, సభ అయ్యాక సెక్రటరీ గారికి ఇస్తాను.