అడుగడుగునా ఆరా తీసే మేనేజరుతో నెగ్గుకురావడం

(మన గుడి సత్సంగంలో ఉద్యోగ సహాయ వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పులిహోర సిద్ధమయ్యేలోపు ముగించమని వంటశాల నుంచి కబురొచ్చింది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాం.

గుడిలో ఆఫీసు గొడవలేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ అభిషేకం జరుగుతుండగా జేబులో ఫోను మోగితే, పార్కింగ్ లాట్‌లోకి పరుగెత్తి కారులో లాప్‌టాప్ తెరిచేవాళ్లను మనం తరచూ చూస్తూనే ఉన్నాం. ఏమైంది అంటే "మేనేజర్ అప్‌డేట్ అడిగాడు" అంటారు. శనివారం కూడానా అంటే నవ్వేసి ఊరుకుంటారు. ఆ నవ్వు వెనక ఎన్ని నిద్రలేని రాత్రులున్నాయో ఇంట్లోవాళ్లకే తెలుసు. మా దగ్గరకు రెజ్యూమె సరిచేయించుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది పది నిమిషాలు గడిచాక చెప్పే అసలు కష్టం ఇదే.

మొదట ఒక్క విషయం తేల్చుకోవాలి. ప్రతి మెయిల్‌లో తనను సీసీలో పెట్టమనేవాడు, రెండు గంటలకోసారి "ఎంతవరకు వచ్చింది" అని అడిగేవాడు, కోడ్ రివ్యూలో వేరియబుల్ పేర్లు కూడా తనకు నచ్చినట్టే ఉండాలనేవాడు, వీళ్లందరూ చెడ్డవాళ్లు కారు. నిన్నటిదాకా మనలాగే కోడ్ రాసి, ఈమధ్యే మేనేజర్ అయినవాడికి చేతులు ఊరుకోవు. తన పైవాళ్లు తనను పీక్కుతింటుంటే ఆ భయం మన మీదికి దిగుతుంది. మనం టీమ్‌లో కొత్తగా చేరితే మొదటి రెండు మూడు నెలలు కాస్త ఎక్కువ గమనించడం సహజం.

మరి తేడా తెలిసేదెలా? మూడు ప్రశ్నలు వేసుకోండి. అందరితో ఇలాగే ఉన్నాడా, మీ ఒక్కరితోనేనా? మీరు రెండు మూడు పనులు చెప్పిన రోజుకు ఇచ్చాక తగ్గిందా, పెరిగిందా? పని గురించి అడుగుతున్నాడా, మిమ్మల్ని నలుగురిలో చులకన చేస్తున్నాడా? అందరితో ఉంటే అది అతని స్వభావం. పని చూపించాక తగ్గితే అది నమ్మకం లేకపోవడం, దానికి మందు ఉంది. మీ ఒక్కరితోనే, చులకన చేస్తూ ఉంటే అది వేరే జబ్బు. దాని సంగతి తర్వాత చెబుతాం.

నమ్మకం లేనిచోట పనిచేసే మందు, అడగకముందే చెప్పడం. ఇక్కడ మన హనుమంతులవారే గురువు. లంక నుంచి తిరిగి వచ్చి రాముడి ముందు నిలబడినప్పుడు సముద్రం ఎలా దాటిందీ, సురస ఏమన్నదీ, లంకిణిని ఎలా కొట్టిందీ మొదలుపెట్టలేదు. సీతమ్మ కనిపించింది, క్షేమంగా ఉంది అన్న సంగతే ముందు విన్నవించాడు. వినేవాడి గుండెలో ఏ ప్రశ్న కొట్టుకుంటుందో దానికి మొదట జవాబు. వివరాలు తర్వాత.

మనం రాసే అప్‌డేట్లు దీనికి తలకిందులుగా ఉంటాయి. డేటాబేస్ ఎందుకు మొరాయించిందో నాలుగు పేరాలు రాసి, శుక్రవారానికి అవుతుందా లేదా అన్నది చివర్లో కూడా చెప్పం. నాలుగు లైన్లు చాలు: ఏది పూర్తయింది, తర్వాత ఏది, ఎక్కడ ఆగింది, మీ నుంచి ఏ నిర్ణయం ఎప్పటికి కావాలి. మేనేజర్ రోజూ పదింటికి అడుగుతాడని తెలిస్తే తొమ్మిదిన్నరకే పంపండి. సాయంత్రం మరోసారి. మా దగ్గరకు వచ్చిన ఒక చెల్లెమ్మ ఇలా చేస్తే మొదటి వారం ఏ మార్పూ లేదు, ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నెల దాటేసరికి రోజుకు ఐదుసార్లు అడిగేవాడు ఒకసారికి దిగాడు. పూర్తిగా మానలేదు, కానీ ఆమె పిల్లాడితో కూర్చుని అన్నం తినగలుగుతోంది.

రెండో పని, మొదలుపెట్టేటప్పుడే "పూర్తయింది" అంటే ఏమిటో ఒప్పుకోవడం. టికెట్ తీసుకున్నరోజే ఐదు లైన్లలో రాసి పంపండి: ఇది చేస్తాం, ఇది చేయం, ఈ టెస్టులు పాసైతే అయినట్టు. పదిరోజులు తలుపు మూసుకుని రాసి వెయ్యి లైన్ల పుల్ రిక్వెస్ట్ ఒకేసారి పెడితే ఎవరికైనా గుండె దడ వస్తుంది. చిన్న చిన్న ముక్కలుగా పెట్టండి. తప్పు దారిలో వెళ్తుంటే రెండో రోజే తెలుస్తుంది.

మూడోది, మాట్లాడడం. మనకు ఇది కష్టం. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం. మీటింగ్‌లో అన్నిటికీ సరే సరే అని తలూపి, ఇంటికొచ్చి భార్య మీదో భర్త మీదో అరుస్తాం. అడగడం ఎదురు చెప్పడం కాదు. వన్ ఆన్ వన్‌లో, ఇద్దరే ఉన్నప్పుడు, "మీరు నన్ను మైక్రోమేనేజ్ చేస్తున్నారు" అనకండి. ఆ మాట వినగానే ఎవరైనా కవచం తొడుక్కుంటారు. "ఈ ప్రాజెక్టులో మీకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఏది? దాన్నే ముందు చూపిస్తాను" అనండి. తర్వాత, "రెండు వారాలు ఉదయం, సాయంత్రం అప్‌డేట్ పంపుతాను, మధ్యలో అడ్డంకి వస్తే వెంటనే చెబుతాను, ఇలా చేసి చూద్దామా" అనండి. గడువు ఉన్న ప్రయోగానికి కాదనడం కష్టం. రెండు వారాలయ్యాక మీరే గుర్తుచేసి ఎలా ఉందో అడగండి.

ఇప్పుడు ఆ వేరే జబ్బు. అతిగా ఆరా తీయడం ఒక్కటే అమెరికాలో చట్టవిరుద్ధం కాదు. కానీ మన పుట్టిన దేశం, మతం, రంగు, ఆడమగ తేడా కారణంగా వేరుగా చూస్తే 1964 పౌరహక్కుల చట్టం వర్తిస్తుంది, కంపెనీలో 15 మంది, ఆపైన ఉద్యోగులుంటే. ఈఈఓసీకి ఫిర్యాదు చేయడానికి సాధారణంగా 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300 రోజుల గడువు. అందుకే ఏ రోజు, ఏ మాట, ఎవరి ముందు అన్నది ఇంట్లో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆఫీసు ఫైళ్లు, కోడ్, మెయిళ్లు మాత్రం సొంత ఖాతాకు పంపుకోకండి. న్యాయం మీవైపు ఉన్నా ఆ ఒక్క కారణంతో ఉద్యోగం పోవచ్చు. హెచ్‌ఆర్ ఉన్నది కంపెనీ కోసం అని గుర్తుంచుకుని, చెప్పదలుచుకున్నది రాతపూర్వకంగా, చల్లగా చెప్పండి.

మన ఇళ్లలో అసలు భయం వీసా. ఆ భయంతోనే చాలామంది ఏళ్ల తరబడి నోరు మెదపరు. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే 60 రోజుల వరకు, లేదా ఐ-94 గడువు ముగిసేవరకు, ఏది ముందైతే అంతవరకు ఇక్కడ ఉండవచ్చు. 2017 జనవరి నుంచి ఈ వెసులుబాటు ఉంది. ఉద్యోగంలో ఉండగానే కొత్త కంపెనీ పిటిషన్ సక్రమంగా దాఖలు చేస్తే, ఆమోదం వచ్చేదాకా ఆగకుండా అక్కడ చేరవచ్చు. ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటితే, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా మామూలుగా మీ ప్రయారిటీ డేట్ పోదు, హెచ్-1బీ పొడిగింపుకూ అది పనికొస్తుంది. కొత్త కంపెనీ గ్రీన్ కార్డ్ కాగితాలు మళ్లీ మొదలుపెట్టాలి, కానీ వరుసలో మీ చోటు మీదే. ఎవరి కేసు వారిది కాబట్టి లాయర్‌ను ఒక గంట అడిగి తెలుసుకోండి. తలుపు ఎక్కడుందో తెలిసినవాడు గదిలో కూర్చునే తీరే వేరు.

కోపంతో శుక్రవారం సాయంత్రం రాజీనామా పంపవద్దని మాత్రం చేతులు జోడించి చెబుతున్నాం. చేతిలో మరో ఆఫర్ పడ్డాకే. పీఐపీ కాగితం చేతికిస్తే అందులోని పనులు శ్రద్ధగా చేస్తూనే, అదే రోజు వెతకడం మొదలుపెట్టండి.

సుందరకాండ రోజూ చదివేవాళ్లు కూడా కిష్కింధకాండలో అంగదుణ్ణి ఒక్కసారి తలుచుకోవాలి. సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటిపోయింది, సీతమ్మ జాడ లేదు. తిరిగి వెళ్తే రాజు దండిస్తాడని భయపడి యువరాజు సముద్రతీరాన ప్రాయోపవేశానికి కూర్చున్నాడు. అంతటి వీరుడు శత్రువుకు కాదు, తన పైవాడికి భయపడి ప్రాణం వదలాలనుకున్నాడు. వాళ్లలో వాళ్లు బాధ చెప్పుకుంటుంటే సంపాతి విన్నాడు. దారి అక్కడినుంచి దొరికింది. మౌనంగా కూర్చుని ఉంటే ఆ పక్షికి ఏం తెలిసేది?

కాబట్టి ఇంట్లో చెప్పండి. భార్యాభర్తలు ఒకరి దగ్గర ఒకరు దాచుకోకండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు "ఉద్యోగం ఎలా ఉందిరా" అంటే "బానే ఉంది" అని తేల్చేయకండి. నిద్ర పట్టకపోయినా, ఆదివారం సాయంత్రమే కడుపులో తిప్పుతున్నా డాక్టరుకు చెప్పండి. చాలా కంపెనీల్లో ఈఏపీ పేరుతో కొన్ని ఉచిత కౌన్సెలింగ్ సెషన్లు ఉంటాయి, మనవాళ్లు వాడుకోరు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 988కి ఫోను లేదా మెసేజ్ చేయండి, ఏ వేళైనా.

చివరిగా మన గురించి మనం. ఆఫీసులో మనల్ని నీడలా వెంటాడితే బాధపడతాం. ఇంటికొచ్చి పిల్లల గ్రేడ్ల పోర్టల్ రోజుకు మూడుసార్లు తెరుస్తాం. ఇక్కడ వంటశాలలో ఒకరు పోపు వేస్తుంటే నలుగురం వెనక నిలబడి ఇంగువ గురించి సలహాలిస్తాం. సుగ్రీవుడు కఠినుడే కానీ దిక్కులన్నీ వివరంగా చెప్పి, గడువు పెట్టి, పంపించేశాడు. దారి పొడుగునా వెంటపడలేదు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చి తన మధువనాన్ని ధ్వంసం చేశారని దధిముఖుడు ఫిర్యాదు తెస్తే, కోప్పడకుండా పని సాధించుకుని వచ్చారని గ్రహించాడు. మనలో రేపు మేనేజర్లయ్యేవాళ్లు, ఇప్పటికే అయినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆ కథ.

ఇకపై ప్రతి నెలా మొదటి ఆదివారం హారతి తర్వాత, చెప్పులు విడిచే చోటుకు పక్కనున్న చిన్న గదిలో మేము ఉంటాం. మేనేజరుతో ఆ కష్టమైన సంభాషణను ముందుగా మాతో ఒకసారి మాట్లాడి చూసుకోండి. మాలో ఒకరం మేనేజరుగా కూర్చుంటాం. అక్కడ విన్నది ఆ గది దాటదు.

వంటశాల నుంచి మళ్లీ చూస్తున్నారు. జై శ్రీరామ్, జై హనుమాన్.