లష్కర్ బోర్డులో ఎనిమిది కుర్చీలు

సికింద్రాబాద్‌ను పాతతరం వాళ్లు ఇప్పటికీ లష్కర్ అనే పిలుస్తారు. లష్కర్ అంటే దండు. 1798లో నిజాం ఆంగ్లేయులతో సైనిక ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్‌సాగర్ అవతల దిగిన దండు చుట్టూ పెరిగి, 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న ఊరిది. దండు వెంట మద్రాసు వైపు నుంచి తమిళులు వచ్చారు. మరాఠీ, ఉర్దూ, తెలుగు మాట్లాడే వర్తకులూ పనివాళ్లూ చేరారు. బొల్లారం, తిరుమలగిరి, కార్ఖానా, పికెట్, బోయిన్‌పల్లి, రసూల్‌పుర కలిసిన ఈ కంటోన్మెంట్ (సైనిక స్థావర) ప్రాంతంలో 2011 నాటికే రెండు లక్షల పైచిలుకు జనం ఉన్నారు. వీళ్ల చెత్త, వీధి దీపం, మురుగు కాలువ చూసేది నగరపాలక సంస్థ కాదు, కంటోన్మెంట్ బోర్డు. జలమండలి దగ్గర నీళ్లు కొని నల్లాలకు పంచేదీ, బొల్లారంలో ఆసుపత్రి నడిపేదీ అదే.

2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రకారం జనాభా యాభై వేలు దాటిన కంటోన్మెంట్‌లో బోర్డు సగం సగంగా ఉంటుంది. సైనిక స్టేషన్ కమాండర్ అధ్యక్షుడు. ఆయనతో కలిపి ఒక పక్క ఎనిమిదిమంది అధికారులు, రెండో పక్క ఎనిమిది వార్డుల నుంచి జనం ఎన్నుకున్న ఎనిమిదిమంది. పని ఎలా చేయాలో అధికారులకు తెలుసు. ఆ పని ముందు ఏ గల్లీలో మొదలుకావాలో వార్డు సభ్యుడికి తెలుస్తుంది. బంగళాలో ఉన్నవాళ్లకు కావలసింది ప్రశాంతత. బస్తీలో నలభై గజాల ఇంటివాడికి కావలసింది పైన ఒక గది వేసుకునే అనుమతి. సైన్యానికి భద్రత ముఖ్యం, బడికి పోయే పిల్లకు దగ్గర దారి ముఖ్యం. ఇవన్నీ న్యాయమైన కోరికలే, కానీ ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఒకరి ఎదుట ఒకరు కూర్చుని తేల్చుకోవడానికే ఈ కుర్చీలు వేశారని నా అభిప్రాయం.

రోడ్ల సంగతే చూడండి. ప్రజలకు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు వినకుండా వీధిని శాశ్వతంగా మూయకూడదని చట్టమే చెబుతుంది. అయినా దేశంలో ఎన్నో కంటోన్మెంట్లలో సైనికాధికారులు దారులు మూశారు. 2018 మేలో, ఆయా బోర్డుల్లోని ఎన్నికైన ఉపాధ్యక్షులూ ఎంపీలూ రక్షణ మంత్రి ముందు కూర్చుని గట్టిగా అడిగాకే వాటిని తెరవమని ఉత్తర్వులు వచ్చాయి. ఎనిమిదిమందీ ఒక్కటైనా బోర్డులో సగమే కదా, చివరికి సైన్యం మాటే నెగ్గుతుంది కదా అనేవారికి నా జవాబు ఇదే. బోర్డులో సగమే అయినా, దారులు తెరవాలన్న మాట ఢిల్లీ దాకా వెళ్లింది, ఎందుకంటే దాన్ని మోసుకుపోయేవాళ్లు జనం పంపినవాళ్లు.

ఇంకో వాదన బలమైనదే: అధికారులే నడిపితే పని త్వరగా సాగుతుంది, పార్టీల గొడవ ఉండదు అని. ఇక్కడ చివరిసారి ఓటు వేసింది 2015 జనవరిలో. అప్పుడు ఎన్నికైన బోర్డు గడువు, దాని పొడిగింపులు కూడా అయిపోయాక, 2021 ఫిబ్రవరిలో ముగ్గురి బోర్డు వచ్చింది: అధ్యక్షుడు, సీఈవో, ప్రభుత్వం నామినేట్ చేసిన ఒక పౌరుడు. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించి, నెల ముందే రద్దు చేశారు. ముగ్గురున్నా చెత్త బండి వస్తుంది, జీతాలు అందుతాయి, ఒప్పుకుంటాను. కానీ ఎనిమిది వార్డుల బదులు మాట్లాడే ఆ ఒక్కరూ ఎంత మంచివారైనా, బొల్లారం బజారునూ రసూల్‌పుర గల్లీనీ ఒకే లోతున ఎరగడం సాధ్యం కాదు. పైగా ఆయన్ను కూర్చోబెట్టింది ప్రభుత్వం. ఓటు కోసం మళ్లీ ఆ గల్లీకి పోవలసిన అవసరం ఆయనకు లేదు. చట్టం స్త్రీలకు కేటాయించిన మూడో వంతు స్థానాలు కూడా ఎన్నికలతోపాటే ఆగిపోయాయి.

పౌర ప్రాంతాలను నగరంలో కలిపేస్తే ఈ చర్చే ఉండదంటారు కొందరు. హిమాచల్‌లోని యోల్‌లో 2023లో కంటోన్మెంట్‌ను రద్దు చేశారు. ఇళ్ల అనుమతుల్లో, ప్రభుత్వ పథకాల్లో నగరవాసులతో సమానమవుతామన్న ఆశ న్యాయమైనది, దాన్ని నేను కాదనను. అయితే కలపడమంటే భూముల రిజిస్టర్లు, బడులు, నీటి పైపులు, ఆసుపత్రి, సిబ్బంది పింఛన్లు ఎవరి వాటాకు వస్తాయో తేల్చుకోవడం. ఆ పంపకానికి కేంద్రం తరఫువాళ్లు, రాష్ట్రం తరఫువాళ్లు కూర్చుంటారు. తిరుమలగిరి నివాసి తరఫున కూడా ఒకరు కూర్చోవాలంటే, విలీనానికి ముందే ఆ ఎనిమిది వార్డుల్లో ఎన్నిక పెట్టాలి.