ఇంటినిండా పుటం వాసన



సరోజినీ నాయుడు అనగానే మనందరికీ కోకిల గుర్తొస్తుంది. ఆ కోకిలను పెంచిన తండ్రిని గురించి నాలుగు మాటలు చెబుదామని కూర్చున్నాను. ఆయన పేరు అఘోరనాథ ఛటోపాధ్యాయ. మన ఊరివాడు కాదు, మన భాషవాడూ కాదు. తూర్పు బెంగాలులో విక్రమపురం దగ్గర బ్రాహ్మణగావ్ అనే పల్లెటూరు ఆయనది. ఓడెక్కి వెళ్ళి ఎడింబరో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రంలో డాక్టరు పట్టం పుచ్చుకున్నాడు. అదీ చాలక జర్మనీలో బాన్ నగరం వెళ్ళి ఇంకా చదివాడు. 1878లో హైదరాబాదు చేరాడు. మన నగరానికి రైలు వచ్చి అప్పటికి నాలుగేళ్ళే!

మా బోడుప్పల్ నుంచి ఉప్పల్ మీదుగా సిటీకి వెళుతుంటే హబ్సిగూడ దగ్గర వరసగా పెద్ద పెద్ద పరిశోధనాలయాలు కనిపిస్తాయి. అందులో రసాయనాలదీ ఒకటుంది. ఇవాళ దాన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ రోజుల్లో మాత్రం రసాయన శాస్త్రం చదివిన మనిషి నిజాం రాజ్యంలో ఒక వింత. ఆయన నెలకొల్పిన హైదరాబాదు కాలేజీయే తరువాత నిజాం కాలేజీ అయింది.

ఉద్యోగం వచ్చింది కదా, ఇక చదువెందుకని ఊరుకునే రకం కాదాయన. బంగారం చేసే విద్య పట్టుకున్నాడు. పరుసవేది అంటామే, అది. రాత్రింబవళ్ళు ప్రయోగాలే. కొత్త కిటుకు తెలుసునంటూ ఎవడొచ్చినా సొంత తమ్ముడికి చేసినట్టు మర్యాద. రోజూ తోటలో కొలువు. రాజులూ, బిచ్చగాళ్ళూ, సాధువులూ, పచ్చి మోసగాళ్ళూ అందరూ ఒకే వరస. ఇదంతా ఇంగ్లీషు కవి ఆర్థర్ సైమన్స్‌కి కూతురే రాసింది. తండ్రికి తెల్లటి గడ్డం, గ్రీకు మహాకవి హోమరు ముఖం, పైకప్పు ఎగిరిపోయే నవ్వు ఉండేవని మురిసిపోయింది. ఉన్న డబ్బంతా పరులకూ, బంగారం పిచ్చికీ తగలేశాడనీ నవ్వుతూనే రాసింది.

కూతురికి నవ్వు బాగానే వచ్చింది. మరి ఇల్లాలి సంగతో? వరదాసుందరీదేవికి ఎనిమిదిమంది పిల్లలు. వయసులో ఉండగా వంగభాషలో పాటలు కట్టిన మనిషి. వచ్చేపోయే జ్ఞానులకు వంటా వడ్డనా చూస్తూ ఆ పాటలకెంత పొద్దు మిగిలిందో మనకి ఒకరు చెప్పాలా?

మా ఇంట్లోనూ ఈ తంతు కొంచెం చూశాను. మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి నాచారం ఫ్యాక్టరీ పనికొచ్చారు. యాభయ్యో ఏట పలక కొని ఉర్దూ అలిఫ్ బే దిద్దారు. షిఫ్టు దిగొచ్చి అర్ధరాత్రి దాకా దిద్దుతుంటే మా అమ్మ, "ఆ లైటు కరెంటు ఖర్చుతో పిల్లకి పరికిణీ వచ్చేది" అనేది. అంటూనే పక్కన చెంబుతో మంచినీళ్ళు పెట్టేది.

మళ్ళీ అసలు కథకు వద్దాం. ఆ తండ్రి మెత్తనివాడే గాని, చదువు దగ్గర మొండివాడు. తొమ్మిదేళ్ళ సరోజిని ఇంగ్లీషు మాట్లాడనంటే రోజంతా గదిలో ఒంటరిగా పెట్టి తలుపేశాడు. ఆమెను ఆయన శిక్షించింది జన్మకి ఆ ఒక్కసారే. బయటికొచ్చాక ఆ పిల్ల తండ్రితో ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడలేదు. తల్లి మాత్రం ఆమెతో హిందుస్తానీలోనే మాట్లాడేది. ఫలితం ఎంత గొప్పదైనా, ఆ తలుపు గడియ నాకు నచ్చలేదు. గణితంలోనో సైన్సులోనో కూతురు పేరు తేవాలని ఆయన కోరిక. పదకొండో ఏట ఆల్జీబ్రా లెక్క తేలక నిట్టూరుస్తుంటే లెక్కకు బదులు పద్యం వచ్చిందట ఆమెకు. పన్నెండో ఏట మద్రాసు మెట్రిక్యులేషన్ ప్యాసయింది. ఆయన పద్యాన్ని కోప్పడలేదు.

అసలు పరీక్ష పెళ్ళి దగ్గర వచ్చింది. కులాంతర వివాహాలకు దారిచ్చిన 1872 నాటి చట్టం హైదరాబాదులోనూ ఉండాలని వాదించిన మనిషాయన. తీరా సొంత కూతురు గోవిందరాజులు నాయుడుగారిని చేసుకుంటానంటే ఇరువైపులా అడ్డుపడ్డారు. 1895లో నిజాం ఉపకారవేతనంతో, ఆమెకిష్టం లేకున్నా, ఇంగ్లండు పంపించారు. మూడేళ్ళు సముద్రాలవతల ఉన్నా పిల్ల మనసు మారలేదు. 1898 డిసెంబరులో మద్రాసులో ఆ చట్టం కిందే పెళ్ళయింది. జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఆయన నేర్చిన విద్యలన్నిటిలోకీ ఇదే కష్టమైనదని నాకనిపిస్తుంది. సభలో చెప్పడం వేరు, ఇంట్లో ఒప్పుకోవడం వేరు కదండీ!

లొంగని గుణం ఆయనలోనూ ఉంది. 1883లో చాందా రైలుమార్గం లావాదేవీల వివరాలు ప్రజలకు చెప్పాలని అడిగినవారిలో ఆయనొకడు. సర్కారుకు కోపం వచ్చి ఊరు విడిచి పొమ్మంది. కొన్నాళ్ళకు మళ్ళీ పిలిచింది. పెద్దకొడుకు వీరేంద్రనాథ్ విప్లవకారుడై విదేశాల్లోనే ఉండిపోయాడు. ఇంకో కొడుకు హరీంద్రనాథ్ 1952లో మన విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచాడు. 1972లో వచ్చిన 'బావర్చీ' హిందీ సినిమాలో సణిగే తాతగారు ఆయనే! ఈసారి టీవీలో వస్తే చూడండి.

అఘోరనాథుడు చివరి రోజులు కలకత్తాలో గడిపి 1915 జనవరిలో కన్నుమూశాడు. బంగారం మాత్రం తయారు కాలేదు. రెండేళ్ళకు వచ్చిన 'ది బ్రోకెన్ వింగ్' పుస్తకంలో కూతురు నాన్నగారి ఆత్మకు నమస్కారం చెబుతూ ఒక పద్యం వేసుకుంది. ఇంగ్లీషులోనే.