ఇద్దరి పనికి ఒక్క జీతం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవాళ మన జీతాల గురించి నాలుగు మాటలు మాట్లాడుకుందాం.

డిగ్రీ అయ్యాక నేను కొల్లేరు పక్క ఒక చేపల చెరువు మీద లెక్కలు రాసే పనిలో చేరాను. తాడేపల్లిగూడెం వైపు నుంచి తవుడు లారీ వచ్చేది. బస్తాలు దించినవాళ్లకి బస్తాకి ఇంతని, వల లాగే ముఠాకి పట్టుబడికి ఇంతని, ఏ రోజు డబ్బు ఆ రోజే ఇచ్చేవారు. గట్టు మీద గుడిసెలో ఒక యానాది కుటుంబం ఉండేది. పగలు మేత సంచులు కట్టేది భార్య. రాత్రి టార్చిలైటు పట్టుకుని కాపలా తిరిగేది భర్త. పుస్తకంలో మాత్రం ఒక్కటే పేరు, ఒక్కటే జీతం. అందులోనూ పిల్ల జబ్బుకి తీసుకున్న అడ్వాన్సు కోత. ఆ కోత రాసిన చెయ్యి నాదే.

"మీరు ఎస్టీలు కాబట్టి ఇంతే" అని ఏ యజమానీ నోటితో చెప్పడు. తేడా అంతా పని పేరులో, అడ్వాన్సులో దాక్కుని ఉంటుంది. కూలి అంటే గంటలు లెక్కపెడతారు. కాపలా అంటే కుటుంబం మొత్తం ఇరవైనాలుగు గంటలూ ఉండాల్సిందే.

2019 వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. జీతంలో ఆడా మగా తేడా చూపకూడదని అందులో రాశారు. కులం, తెగ అనే మాట అక్కడ లేదు. అలాగని మనకి దారి లేదనుకోకండి. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడ్వాన్సు పేరుతో అలా చేయిస్తే 1976 చట్టం ప్రకారం వెట్టిచాకిరీ అవుతుంది, ఆ అప్పు రద్దయిపోతుంది. ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు మనతో వెట్టి చేయించుకుంటే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కూడా పెట్టొచ్చు.

ఇంకో మాట. తగ్గించి ఇచ్చిన జీతం కోసం కొత్త కోడ్ కింద మూడేళ్ల లోపు అర్జీ పెట్టుకోవచ్చు. రిజిస్టరైన యూనియన్ కూడా మన తరఫున పెట్టొచ్చు. జీతం పూర్తిగా ఇచ్చేశానని రుజువు చెయ్యాల్సింది యజమానే.

అందుకే చదువుకున్న మీకు ఒక పని అప్పజెబుతున్నా. గట్ల మీదికి ఒక నోటుపుస్తకం తీసుకెళ్లండి. తేదీ, చేసిన పని, గంటలు, చేతికొచ్చిన డబ్బు, అడ్వాన్సు రాయండి. భర్తకో పేజీ, భార్యకో పేజీ. అది పట్టుకుని, వాళ్లు సరేనంటే, అందరం కలిసి ఏలూరు కార్మిక శాఖ ఆఫీసుకి పోదాం.

ముందు ఆవిడ పేరు అడిగి రాయండి. అన్నాళ్లు అక్కడ లెక్కలు రాసి, నేను ఒక్కసారీ అడగలేదు.

జోహార్.